కొండవాలుపై గురి

తూర్పు కనుమలలోని అనంతగిరి సీమలో సమతలం అరుదు. ఎటు చూసినా ఎత్తైన కొండలు, వాటి నడుమ లోతైన లోయలు. చైత్రమాసంలో ఇటుకల పండుగ వచ్చిందంటే మన్యంలోని గిరిజన పురుషులు ఆయుధాలు చేతబట్టి వేటకు వెళ్లడం తరతరాల ఆచారం. వట్టి చేతులతో తిరిగివచ్చిన వారిని స్త్రీలు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేసేవారు. గురి తప్పడమంటే పరువు పోవడమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అయినప్పటికీ కొండవాలుపై గురి వెనుకనున్న శాస్త్రసత్యం తెలుసుకొనదగినది.

ఎగువనున్న లక్ష్యాన్ని కొట్టాలంటే గురిని మరికొంత పైకి, దిగువనున్న దానికి మరికొంత కిందికి జరపాలని తోచడం సహజం. ఈ ఊహలో సగమే నిజం. సమతలంపై అలవాటైన గురితో వాలుపై ప్రయోగిస్తే, లక్ష్యం ఎగువనున్నా దిగువనున్నా దెబ్బ దాని పైనుంచే పోతుంది. కనుక రెండు సందర్భాలలోనూ గురిని కొంత దించవలసిందే.

దీనికి కారణం గురుత్వాకర్షణ. అది ఎల్లప్పుడూ నిట్టనిలువుగా కిందికి లాగుతుంది. సమతలంపై ఆ బలమంతా తూటా మార్గానికి అడ్డంగా పనిచేసి, దానిని కిందికి వంచుతుంది. ఆ పతనాన్ని సరిచేయడానికే తుపాకీ గొట్టాన్ని కొద్దిగా ఎత్తి గురిపెడతారు. వాలుపై ఆ బలంలో కొంత భాగం తూటా మార్గం వెంబడి పోతుంది. అడ్డంగా వంచే భాగం తగ్గుతుంది. పతనం తగ్గినా గొట్టాన్ని ఎప్పటి మాదిరిగానే ఎత్తితే దెబ్బ పైకి పోక తప్పదు. అందువల్ల కంటికి కనిపించే ఏటవాలు దూరాన్ని కాక, సమతల దూరాన్ని లెక్కలోకి తీసుకోవాలి. వాలు 30 డిగ్రీలైతే 200 మీటర్ల దూరాన్ని సుమారు 173 మీటర్లుగా, 45 డిగ్రీలైతే 141 మీటర్లుగా భావించాలి.

ఈ తేడా ఆయుధాన్ని బట్టి మారుతుంది. గాలి నిరోధాన్ని విడిచిపెట్టి లెక్కిద్దాం. సెకనుకు 800 మీటర్ల వేగంతో పోయే తూటా 30 డిగ్రీల వాలుపై 200 మీటర్ల దూరంలో 4 సెంటీమీటర్లు మాత్రమే పైకి పోతుంది. సెకనుకు 50 మీటర్ల వేగంతో పోయే బాణం అదే వాలుపై 40 మీటర్లకే దాదాపు 42 సెంటీమీటర్లు పైకి పోతుంది. వేగం తగ్గినకొద్దీ ప్రయాణకాలం పెరుగుతుంది. కాలం పెరిగినకొద్దీ పొరపాటూ పెరుగుతుంది. కనుక కొండలలో విలుకానికి వాలు తెలియడం మరింత అవసరం.

కొండ తెలిసినవారి బలమెంతటిదో మన్యం చరిత్రే చెబుతుంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల నుండి తుపాకులను చేజిక్కించుకున్నారు. అదే ఏడు సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మాటువేసి జరిపిన దాడిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఆంగ్లేయ అధికారులు మరణించారు. ఆయుధం పరాయివారిదైనా నేల వీరులదే.

కన్ను చూపిన దూరం వేరు, నేల కొలిచిన దూరం వేరు. ఈ రెంటి తేడా ఎరిగినవాని గురియే వాలుపై నిలుస్తుంది.