చిన్న జాగాలో పెద్ద ఆట – ఫుట్‌సాల్



ఆటలు శరీరానికి బలాన్ని, మనసుకు ధైర్యాన్ని ఇస్తాయని చిన్నప్పటి నుండి పాఠాల్లో చదువుకుంటూనే ఉన్నాం. కాని ఆడపిల్లలు ఆడుకోవడానికి జాగా ఏది? మా హవేలిఘనపూర్‌లో సాయంత్రం అయిందంటే ఖాళీ స్థలమంతా మగపిల్లల క్రికెట్‌కే సరిపోతుంది. మనకు మిగిలేది హాస్టల్ వాకిలి. అలాంటి చిన్న జాగాలో ఆడే ఫుట్‌బాల్ ఒకటుంది. దాని పేరే ఫుట్‌సాల్. దాని గురించి నాకు తెలిసింది మీతో పంచుకుంటాను.

ఫుట్‌సాల్ అంటే ఏమిటి?

1930లో ఉరుగ్వే దేశ రాజధాని మాంటెవిడియోలో హువాన్ కార్లోస్ సెరియాని అనే ఉపాధ్యాయుడు ఈ ఆటను రూపొందించాడు. జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే. కోర్టు పొడవు 40 మీటర్లు, వెడల్పు 20 మీటర్లు. గోల్ వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. హ్యాండ్‌బాల్ కోర్టుకు కూడా సరిగ్గా ఇవే కొలతలు. అంటే హ్యాండ్‌బాల్ గీతలు ఉన్న ఏ బడిలోనైనా ఈ ఆట ఆడవచ్చు. విస్తీర్ణంలో ఒక పెద్ద ఫుట్‌బాల్ మైదానం ఇలాంటి ఎనిమిది, తొమ్మిది కోర్టులకు సమానం.

బంతి కొంచెం చిన్నది, తక్కువగా ఎగురుతుంది. ఆట 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. బంతి ఆగితే గడియారం కూడా ఆగుతుంది. ఆఫ్‌సైడ్ నియమం లేదు. ఎన్నిసార్లయినా ఆటగాళ్లను మార్చుకోవచ్చు. బంతి గీత దాటితే నాలుగు సెకన్లలో తిరిగి ఆటలోకి తన్నాలి. అందుకే ఇందులో బలం కన్నా చురుకైన ఆలోచన ముఖ్యం.

ప్రపంచంలో మహిళల ఫుట్‌సాల్

పురుషులకు ఫిఫా ఫుట్‌సాల్ ప్రపంచ కప్ 1989లోనే మొదలైంది. మహిళలకు మాత్రం 2025 నవంబర్‌లో, ఫిలిప్పీన్స్‌లో మొదలైంది. అంటే 36 సంవత్సరాలు ఆగవలసి వచ్చింది! 16 జట్లు ఆడిన ఆ పోటీలో బ్రెజిల్ ఫైనల్లో పోర్చుగల్‌ను ఓడించి మొదటి కప్పు గెలిచింది. ఆసియాలో 2015లోను, 2018లోను ఇరాన్ మహిళలు విజేతలు. రెండుసార్లూ ఫైనల్లో ఓడింది జపాన్. 2025లో చైనాలో జరిగిన ఆసియా కప్‌ను జపాన్ గెలుచుకుంది.

మన దేశం ఎక్కడుంది?

మన మహిళల ఫుట్‌సాల్ జట్టు ఆసియా కప్ అర్హత పోటీల్లో తొలిసారి ఆడింది 2025 జనవరిలో, ఇండోనేషియాలో. ఆతిథ్య జట్టుతో పాటు హాంకాంగ్, కిర్గిజ్‌స్థాన్ మన గ్రూపులో ఉన్నాయి. అసలు పోటీకి మనం చేరలేకపోయాం. కాని తొలి అడుగు పడింది.

పెద్ద మైదానంలో మన మహిళల చరిత్ర ఇంకా పాతది. ఆసియా పోటీల్లో 1980లోను, 1983లోను మనది రెండవ స్థానం. దక్షిణాసియా ఛాంపియన్‌షిప్‌ను 2010 నుండి 2019 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచాం. 2025 జూన్, జూలై నెలల్లో థాయ్‌లాండ్‌లో మంగోలియాను 13–0తో, తిమోర్‌ను 4–0తో, ఇరాక్‌ను 5–0తో, చివరకు థాయ్‌లాండ్‌నే 2–1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించాం. ఆ జట్టులో నిజామాబాద్‌కు చెందిన గుగులోత్ సౌమ్య కూడా ఉంది. గిరిజన కుటుంబంలో పుట్టిన ఆమె క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ క్లబ్‌కు ఆడింది. 2024–25 సంవత్సరానికి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికయింది.

ఒక సంతకం విలువ

ఇరాన్ గెలిచిన 2015 పోటీలో వారి కెప్టెన్ నిలూఫర్ అర్దలాన్ లేదు. ఆ దేశ చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీ విదేశం వెళ్లాలంటే భర్త అనుమతి కావాలి. ఆమె భర్త ఇవ్వలేదు. జట్టు మలేషియాలో ఆడుతుంటే కెప్టెన్ ఇంట్లో ఉండిపోయింది. ఆ సంగతి ఆమె దాచుకోలేదు, పత్రికలకు చెప్పింది. రెండు నెలల తర్వాత న్యాయాధికారి ప్రత్యేక అనుమతితో గ్వాటెమాలాలో జరిగిన పోటీకి వెళ్లగలిగింది.

ఇది చదివినప్పుడు నాకు నా తొమ్మిదో తరగతి గుర్తుకొచ్చింది. ఖోఖో పోటీలకు ఎంపికయ్యాను. తల్లిదండ్రుల అంగీకార పత్రం ఇంటికి తీసుకుపోయాను. మా నాన్నకు చదువు రాదు, వేలిముద్ర వేస్తాడు. ఆ రోజు వేయలేదు. "పొద్దుగూకినంక ఆడపిల్ల వేరే ఊర్ల ఎందుకు?" అన్నాడు. నేను ఏడ్చి ఊరుకున్నాను. ఖాళీ కాగితం తిరిగి ఇచ్చేశాను.

చాలా ఏళ్లు నాన్న మీద కోపం ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కాగితంలో ఏముందో నేను ఆయనకు చదివి వినిపించలేదు. వెంట మేడం వస్తుందని, ఎక్కడ పడుకుంటామో, ఎప్పుడు తిరిగి వస్తామో చెప్పలేదు. చదవలేని కాగితం మీద ఎవరైనా వేలిముద్ర ఎట్లా వేస్తారు? డిగ్రీలో చేరేటప్పుడు ప్రతి కాగితం చదివి చెప్పాను. అన్నింటి మీదా నాన్న వేలిముద్ర వేశాడు. అలా మా ఇంట్లో మొదటి డిగ్రీ వచ్చింది. ఇప్పుడు పీజీ చదువుతున్నాను. కాని ఖోఖో మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి చెల్లెళ్లారా, ఆడాలని ఉంటే ఐదుగురు కలవండి. పీఈటీ సార్‌ను గాని, మేడంను గాని అడిగి ఒక బంతి తెచ్చుకోండి. ఎంపికైతే ఆ కాగితం ఇంట్లో మొదటి అక్షరం నుండి చివరి అక్షరం వరకు చదివి వినిపించండి. మన అమ్మానాన్నల్లో చాలామంది వద్దనేది ఆటను కాదు, తెలియనిదాన్ని. తెలిపే చదువు ఇప్పుడు మన దగ్గరుంది.