గర్భిణికి తొలి పరీక్ష: మూడు నెలలు దాటనీయరాదు

నెల తప్పిన సంగతిని మూడవ నెల నిండువరకు వెలికి చెప్పరాదను ఆచారము మన గ్రామములలో పెక్కు ఇండ్లలో నేటికిని కలదు. దృష్టి తగులునను భయము కొంత, సిగ్గు కొంత ఇందులకు కారణములు. ఊరివారికి చెప్పకుండుట ఆ కుటుంబము ఇష్టము. కాని ఆరోగ్య కార్యకర్తకు సైతము చెప్పకుండుటవలన తల్లికి, బిడ్డకు కలుగు నష్టమును పిమ్మట పూడ్చుట కష్టము. చివరి ముట్టు మొదటి దినమునుండి లెక్కించి, పండ్రెండు వారముల లోపుననే పేరు నమోదై, తొలి పరీక్ష జరుగవలెను. అందు ఏమి జరుగునో ముందుగా ఎరిగినచో భయమునకు తావుండదు. కావున పంచాయతీ సభ్యులు దీనిని తెలిసికొని, తమ వార్డులలోని కుటుంబములకు తెలియజెప్పుట మేలు.

ఈ పరీక్ష ఉపకేంద్రమునందు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందు గాని చేయుదురు. రుసుము లేదు.

నర్సు మొదట అడుగునది చివరి ముట్టు తేదీ. తేదీ జ్ఞప్తికి రానిచో, "సంక్రాంతి వెళ్లిన మూడవ నాడు" అని పండుగను బట్టి చెప్పినను చాలును. దానికి తొమ్మిది నెలల ఏడు దినములు కలిపినచో కాన్పు తేదీ సుమారుగా తేలును. జనవరి 10 అయినచో అక్టోబరు 17 అగును. ఐదవ నెలలో అడిగినచో ఆ తేదీ మరపున పడియుండవచ్చును. పిమ్మట మునుపటి కాన్పులు, గర్భస్రావములు, ఆపరేషన్లు, వాడుచున్న మందులు అడుగుదురు. ఏదియు దాచరాదు.

తరువాత బరువు, ఎత్తు, రక్తపు పోటు చూతురు. ఏడవ నెలలో పోటు 140/90కి చేరినచో, అది మొదటినుండియు ఉన్నదా, గర్భమువలన వచ్చినదా అని తేల్చుటకు ఈ తొలి లెక్కయే ఆధారము. గర్భమువలన వచ్చిన పోటు ముదిరినచో గుర్రపువాతమునకు దారితీయవచ్చును. మూత్రములో ఆల్బుమిన్, చక్కెర ఉన్నవేమో పరీక్షింతురు.

రక్తములో గ్రూపు, చక్కెర, హిమోగ్లోబిన్ చూచుటయే గాక, సిఫిలిస్, హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి పరీక్షలు కూడ చేయుదురు. ఈ వ్యాధులు ముందుగా తెలిసినచో బిడ్డకు సోకకుండ చాలవరకు కాపాడవచ్చును. ఫలితములు రహస్యము, వానిని ఆరా తీయుట సభ్యులకు తగదు.

హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత, 7కు తగ్గినచో తీవ్రమైన రక్తహీనత. రక్తము ఒక్కనాటిలో పట్టునది కాదు. అందుచేతనే మొదటి మూడు నెలలు ఫోలిక్ ఆమ్లము మాత్రలు, నాలుగవ నెలనుండి కనీసము 180 దినములు ఇనుము మాత్రలు ఇత్తురు. ఎనిమిదవ నెలలో వచ్చిన స్త్రీకి ఆ వ్యవధి ఎక్కడ దొరకును? రక్తహీనతతో ఉన్న తల్లికి కాన్పులో కొద్దిపాటి రక్తస్రావమైనను ప్రాణాపాయము కావచ్చును.

ధనుర్వాతము రాకుండ టి.డి. సూది వేసి, మాతా శిశు సంరక్షణ కార్డు ఇత్తురు. దీనితో కలిపి కాన్పులోపున కనీసము నాలుగు పరీక్షలు జరుగవలెను. స్కానింగు అవసరమైనచో డాక్టరు చెప్పును. బిడ్డ ఆడో మగో తెలుపుటను 1994 నాటి చట్టము నిషేధించినది. రక్తము కనిపించినను, కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినను, మంచినీరు సైతము నిలువనంత వాంతులైనను తదుపరి తేదీకై వేచియుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

సభ్యులు చేయదగిన పని పెద్దది కాదు. ఉపకేంద్రములో పరీక్షకు చాటుగా తెర కలదా? బరువు తూచు యంత్రము పనిచేయుచున్నదా? మరుగుదొడ్డికి నీరు వచ్చుచున్నదా? వీనిని స్వయముగా చూచి, గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలో చర్చింపవలెను. ఇంటి పెద్దలతో, ముఖ్యముగా అత్తలతో, ఒక్కమాట చెప్పవలెను: శుభవార్త ఊరికి ఎప్పుడు చెప్పినను సరియే, ఆశా కార్యకర్తకు మాత్రము నెల తప్పగనే చెప్పుడు.