అమెచ్యూర్ రేడియో – సైనిక తరంగములు – ప్రభుత్వ నిబంధనలు

వైర్‌లెస్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా విద్యార్థులు అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఆ సెట్టుతో మిలిటరీవాళ్ళతో మాట్లాడవచ్చునా?" తెలుగు పాఠం చెప్పుకొనే మాకు ఈ సంగతితో ఏమి పని అని కమిటీ పెద్దలు అనుకొనవచ్చును. కాని ఎవరు, ఎవరితో, ఏ భాషలో మాట్లాడవచ్చునో చట్టం నిర్ణయించిన రంగము ఇది. భాషోపాధ్యాయునికి ఇంతకంటె ఆసక్తికరమైన విషయము ఏముంటుంది? పైగా ఆన్‌లైన్‌లో కొన్న వాకీటాకీలు ఇప్పుడు పిల్లల చేతుల్లోకి వస్తున్నాయి. కనుక ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పక తప్పదు.

లాభాపేక్ష లేకుండా, కేవలం విద్యాసక్తితో సొంత రేడియో కేంద్రమును నడిపే వ్యక్తిని అమెచ్యూర్ అంటారు, వాడుకలో 'హామ్'. మన దేశంలో 12 ఏండ్లు నిండినవారెవరైనా పరీక్షకు కూర్చొనవచ్చును. ఉత్తీర్ణులై, ప్రభుత్వ విచారణ ముగిసిన తరువాత కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ లైసెన్సు ఇస్తుంది. మా ఉర్దూ విభాగపు మిత్రులు దీనిని 'ఇజాజత్‌నామా' అంటారు. ఆ మాటే అందంగా ఉన్నది, అర్థము కూడ స్పష్టము: అడిగి తెచ్చుకొన్నది, హక్కుగా పుట్టినది కాదు. లైసెన్సుతో పాటు 'వీయూ' అను అక్షరాలతో మొదలయ్యే పిలుపు పేరు వస్తుంది. మాట్లాడినప్పుడల్లా ఆ పేరు చెప్పుకొనవలెను, ప్రతి సంభాషణను పుస్తకంలో వ్రాసి ఉంచవలెను.

ఇక ఆకాశమును పంచుకొనే పద్ధతి. మన పల్లెల్లో చెరువు కింద మళ్ళకు నీరు వదిలే నీరడిని ఎరుగనివారు లేరు. ఏ తూము ఎప్పుడు తెరవవలెనో అతనికి తెలుసు. మరొకరు రాత్రివేళ తూము ఎత్తితే దిగువ మడి ఎండుతుంది. తరంగముల పంపకము అటువంటిదే. పోలీసులకు, విమానాలకు, ఓడలకు, సైన్యానికి, రేడియో కేంద్రాలకు వేరువేరు పట్టీలు కేటాయించారు. హామ్‌లకు ఇచ్చిన వాటిలో 144 నుండి 146 మెగాహెర్ట్జ్‌ల పట్టీ ఒకటి. బజారులో దొరికే చౌక చేతిసెట్లలో చాలా వరకు 136 నుండి 174 దాకా ప్రసారం చేయగలవు. అంటే ఆ సెట్టు పట్టుకొన్న కుర్రవాడు రెండు మెట్లు దాటి మీట నొక్కితే ఎవరి తూము ఎత్తినట్లో అతనికే తెలియదు. ఆ క్షణంలో అక్కడ ఒక అంబులెన్సు పిలుపో, గస్తీ దళపు సందేశమో నలిగిపోవచ్చును. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇటువంటి సెట్ల అమ్మకముపై ఆన్‌లైన్ వర్తకులకు నోటీసులు పంపినది ఊరికే కాదు.

1978 నాటి అమెచ్యూర్ నియమావళిలో మమ్మల్ని ఆకట్టుకొన్నవి కొన్ని ఉన్నవి. హామ్ తనవలె అనుమతి పొందిన కేంద్రాలతోనే మాట్లాడవలెను. సందేశం బహిరంగ భాషలో ఉండవలెను; రహస్య సంకేతాలు కూడవు. వ్యాపారము, వార్తా ప్రసారము, సంగీతము నిషిద్ధము. ఇతరుల సందేశాలు మోయుట మామూలు రోజుల్లో కూడదు. అన్నిటికంటె గంభీరమైనది మరొకటి: తనకు ఉద్దేశింపని సందేశం పొరపాటున చెవిని పడితే, దాని సారాంశమునే కాదు, అటువంటిది ఉన్నదన్న సంగతిని కూడ, అధికారులకు తప్ప బయట చెప్పరాదు. వినిన చెవికి కూడ చట్టం బాధ్యత అప్పగించినదన్నమాట.

ప్రభుత్వాలకు ఈ జాగ్రత్త ఎందుకు? 1939లో ప్రపంచ యుద్ధం మొదలు కాగానే బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలోని హామ్‌ల ట్రాన్స్‌మిటర్లను పోలీసులకు అప్పగించమన్నది. వారి భయం పూర్తిగా నిరాధారము కాదు. 1942 క్విట్ ఇండియా దినాలలో బొంబాయిలో ఉషా మెహతా బృందం రహస్యంగా నడిపిన కాంగ్రెస్ రేడియోకు ట్రాన్స్‌మిటరు సమకూర్చినది నారిమన్ ప్రింటర్ అను హామ్. ఆ నవంబరులో పోలీసులు దానిని పట్టుకొన్నారు. యుద్ధం ముగిసిన తరువాత అదే సైన్యం పారవేసిన పాత వాల్వు సెట్లను కొని, మరమ్మతు చేసుకొని, మన హామ్‌లు దశాబ్దాలపాటు తమ కేంద్రాలు నడిపారు!

మరి సైన్యముతో మాట్లాడుట ఎన్నడును కుదరదా? అమెరికాలో ఒక చక్కని ఏర్పాటు కలదు. ప్రతి యేటా మే నెలలో సాయుధ దళాల దినోత్సవ సందర్భంగా కొన్ని సైనిక కేంద్రాలు హామ్‌లను పిలుస్తాయి. సైనిక కేంద్రము తన పట్టీలోనే మాట్లాడుతుంది, ఫలానా హామ్ పట్టీలో వింటున్నామని చెపుతుంది. హామ్ సైనిక పట్టీని వింటాడు, జవాబు మాత్రం తన పట్టీలోనే ఇస్తాడు. ఎవరి గట్టు మీద వారు నిలిచి, కాలువకు అడ్డంగా పలుకరించుకొన్నట్లు! ఎవరి హద్దు ఎవరూ దాటలేదు, సంభాషణ మాత్రం జరిగినది. పలికినవారికి తరువాత గుర్తింపు పత్రం వస్తుంది. అయితే అది ఆ దేశపు ఏర్పాటు. మన హామ్ తన లైసెన్సులో వ్రాసినదానికే కట్టుబడవలెను.

మన అనుభవం వేరొక త్రోవలో వచ్చినది. 1983లో హైదరాబాదులో స్థాపితమైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ (వీయూ2ఆర్‌బీఐ) 2004 డిసెంబరులో అండమాన్ దీవులకు వెళ్ళారు. 2001 నుండి త్రివిధ దళాల ఉమ్మడి కమాండు ఉన్న చోటు అది. 1987లో ఆమెయే వెళ్ళి వచ్చిన తరువాత అంతకాలం అక్కడ హామ్‌లకు అవకాశం దొరకలేదు. ప్రభుత్వ అనుమతితో పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుండి శ్రీ విజయపురం) ఒక హోటలులో కేంద్రం పెట్టి ఆమె ప్రపంచమంతటితో మాట్లాడుచుండగా, 26వ తేదీ తెల్లవారుజామున భూమి కంపించినది, సముద్రం పైబడినది. కార్ నికోబార్ వైమానిక స్థావరంలో వందకు పైగా సిబ్బంది, కుటుంబ సభ్యులు ప్రాణాలు కోల్పోయారు. టెలిఫోను తీగలు మూగబోయినవి. వినోదమునకు తెచ్చిన సెట్టు జిల్లా అధికారుల కార్యాలయానికి చేరి, దీవులకు ప్రధాన భూభాగానికి మధ్య క్షేమ సమాచారాలు మోసినది. ఇక్కడ గమనింపదగినది: ఆమె సైనిక తరంగములోకి చొరబడలేదు. తన పట్టీలో తాను ఉన్నారు. సందేశాలు పౌరాధికారుల ద్వారా నడిచినవి. విపత్తులో ఇతరుల సందేశాలు మోయుటకు నియమమే తలుపు తెరచి ఉంచినది. ఆమె చేతిలో లైసెన్సు లేకపోతే ఆ సెట్టు దీవి చేరేదే కాదు.

ఇది దూరపు కథ అనుకొనరాదు. 2025 ఆగస్టు చివర మన పొరుగు కామారెడ్డి జిల్లాలో కురిసిన అతి భారీ వర్షానికి రోడ్లు తెగి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకొనిపోయినది. సిరికొండ నుండి అక్కడికి ఎంత దూరము! సెల్‌ఫోను టవరు పడిపోయిన రాత్రి కలెక్టరుగారి ఆఫీసులో కూర్చోగల లైసెన్సుదారు మన విద్యార్థులలో ఒకడైనా, ఒకతైనా ఉండవలెను కదా.

కమిటీవారికి ఒక్క విన్నపము. కళాశాల పేర కూడ అమెచ్యూర్ కేంద్రమునకు లైసెన్సు పొందవచ్చును. ఆసక్తిగల పది మంది విద్యార్థులను పరీక్షకు సిద్ధము చేయించవలెను. అంతవరకు క్రీడోత్సవాలకు చేతిసెట్లు కావలసి వస్తే, లైసెన్సు అవసరము లేని 446.0–446.2 మెగాహెర్ట్జ్‌ల స్వల్పశక్తి సెట్లు మాత్రమే, పెట్టెపై ఆ అంకెలు చూచి కొనవలెను.