చూలాలి తూకము

మా ఏర్గట్లలో కడుపుతోనున్న కోడలు మారు వడ్డించుకొనబోగా, "ఎక్కువ తినకు బిడ్డా, పిల్ల పెద్దగైతే కాన్పు కష్టమైతది" అని వారించు అత్తగారలు నేటికిని గలరు. వారిది ద్వేషము గాదు, భయము. ఆసుపత్రి దూరమై, బండి దొరకని దినములలో కానుపులు చూచినవారు.

అయినను రెండున్నర కిలోలకు తక్కువగా పుట్టిన శిశువే చలికిని, అంటురోగములకును ముందుగా లొంగును. సమమైన దేహముగల స్త్రీ తొమ్మిది నెలలలో 10 మొదలు 12 కిలోలు పెరుగవలెనని మన వైద్యులు సామాన్యముగా చెప్పుదురు. బక్కపలుచని స్త్రీ అంతకు మించియు, స్థూలకాయ తక్కువగాను పెరుగవలెను.

ఇది ఇరువదేండ్లు దాటిన తల్లి మాట. పదునాఱేండ్ల పిల్ల యెముక యింకను ఎదుగుచునే యుండును. అమెరికాలోని కామ్డెన్ నగరమున షోల్ అను విదుషియు, తోడివారును చిన్నవయసు గర్భవతుల మోకాలి పొడవు కొలిచి 1994లో ఒక వింత ప్రకటించిరి. ఎదుగుచున్న బాలికలు ఎదుగుదల నిలిచిన స్త్రీలకంటె హెచ్చుగా తూగిరి. వారి శిశువులు మాత్రము తక్కువ తూగిరి! తల్లియొడలు క్రొవ్వును తనయందే నిలుపుకొన్నదట.

ఈ సంగతి మాకు ముందే తెలిసిన బాగుండెడిది. మా వెనుక వీధిలో నొక పిల్లకు పదవ తరగతిలోనే పెండ్లిచేసిరి. హాజరుపట్టీలో ఆమె పేరు కొట్టివేయుటకు మావారికి చాలదినములు మనసొప్పలేదు. ఎనిమిదవ నెలలో ఆమె పది కిలోలు పెరిగినదని విని, "ఇంకేమి, బాగున్నది" అని అత్తగారితో మేమే యంటిమి. శిశువు రెండు కిలోలే తూగినది. నెలదినములు తల్లి రొమ్మునకు హత్తుకొని, వెచ్చదనమిచ్చి బ్రతికించుకొన్నారు.

పదునెనిమిదేండ్లు నిండక పెండ్లి కూడదని 2006 నాటి శాసనము. 2019–21 కుటుంబారోగ్య సర్వేలోనో, తెలంగాణమున 20–24 ఏండ్ల స్త్రీలలో నూటికి 23 మందికి పైగా ఆలోపుననే పెండ్లియైనట్లు తేలినది.

గర్భిణికి దినమునకు 350 కాలరీలు అదనముగా కావలెనని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారి మాట. ఇంచుమించుగా ఒక జొన్నరొట్టె, ఒక గ్రుడ్డు, ఒక గ్లాసు పాలు. ఇంతేనా యనిపించును, కాని వేయి బీడీలు పూర్తిగానిదే చాట దింపని కోడలికి మధ్యాహ్నపు అన్నమే దాటిపోవును. 2015 నుండి ఆరోగ్యలక్ష్మి పథకమున అంగన్‌వాడీలో అన్నము, పప్పు, గ్రుడ్డు, పాలు పెట్టుచున్నను, క్రొత్తకోడలు బయట తినుటేమని పంపనివారును గలరు. ఇనుపధాతువు మాత్రలు 180 దినములు మ్రింగవలసినవి డబ్బాలోనే మిగులుచున్నవి.

ఆ యత్తగారే మొన్న చిన్నకోడలిని "గుడ్డు తిన్నవా, ఇంటికి తెచ్చినవా?" యని గుమ్మములోనే నిలిపి యడుగుచుండగా వింటిమి. ఈ కోడలికి ఇరువదిరెండేండ్లు.