ఎకరం ఎటు పోయింది బిడ్డా?

దసరా సెలవులకు మనవరాలు ఆత్మకూర్ వచ్చింది. ఇంజనీరింగ్ మొదటి ఏడు, జావా అనే ప్రోగ్రామింగ్ భాష కొత్తగా నేర్చుకుంటోంది. పొద్దుగూకే వేళ వాకిట్లో మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని, "తాతా, మన ఐదెకరాలు నాన్నకూ చిన్నాన్నకూ పంచుతున్నా చూడు" అంది. ఐదును రెండుతో భాగించమని రాసింది. తెర మీద 2 అని పడింది. ఒక్కొక్కరికి రెండెకరాలు, ఇద్దరివీ కలిపితే నాలుగు.

"ఇంకో ఎకరం ఎటు పోయింది బిడ్డా?" అన్నాను. గెట్టు జానెడు జరిగితేనే పెద్దమనుషుల దాకా పోయే ఊళ్లు మనవి. ఎకరానికి ఎకరమే మాయమైతే ఊరుకుంటారా? పిల్ల ముఖం చిన్నబోయింది.

జావా తప్పేమీ చేయలేదు. ఇంట్ అన్న రకం పూర్ణసంఖ్యలది. ఒక ఇంట్‌ను ఇంకో ఇంట్‌తో భాగిస్తే జవాబు కూడా ఇంటే కావాలని దాని నియమం. చుక్క తర్వాత ఉన్నదాన్ని కొడవలితో కోసినట్టు కోసేస్తుంది. అర దాటితే పైకి సవరించే అలవాటు దానికి లేదు. 2.9 రావలసిన చోట కూడా 2 అనే అంటుంది. మైనస్ ఐదును రెండుతో భాగిస్తే మైనస్ రెండు అంటుంది, అంటే ఎప్పుడూ సున్నా వైపుకే కోత.

పిల్ల తెలివైంది. జవాబు దాచుకునే పేరును డబుల్ రకానికి మార్చింది. డబుల్ అంటే చుక్క ఉన్న సంఖ్యలు పట్టే రకం. మళ్లీ నడిపితే 2.0 వచ్చింది. చుక్క వచ్చింది గానీ అర మాత్రం రాలేదు. "ఇదేంది తాతా?" అంది. వడ్లు కొలిచేటప్పుడే కింద ఒలికిపోతే, తర్వాత పెద్ద సంచి తెచ్చి ఏం లాభం? సమానం గుర్తుకు కుడివైపున్న లెక్క ముందు పూర్తవుతుంది. అక్కడ ఐదూ రెండూ ఇంట్‌లే కాబట్టి కోత అక్కడే పడింది. మిగిలిన 2ను తెచ్చి పెద్ద సంచిలో పోశారు, అంతే.

5 / 2.0 అని రాస్తే సరిపోతుంది. ఒక్కటి చుక్క సంఖ్య అయినా రెండోదాన్ని జావా తనంతట తానే పైకి లాగుతుంది. రెండూ పేర్లే అయితే ముందు కుండలీకరణాల్లో రకం రాయాలి: (డబుల్) ఎకరాలు / మంది. మన ఊరి పేరే గుర్తు తెచ్చుకోమన్నాను. ఉత్త ఆత్మకూర్ అంటే ఏ ఆత్మకూర్? యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది ఆత్మకూర్ (ఎం), మనది ఆత్మకూర్ (ఎస్). కుండలీకరణాల్లోని ఆ ఒక్క అక్షరం చూసే బస్సెక్కేవాడు ఎటు పోవాలో తెలుసుకుంటాడు. జావాలో కూడా ఆ కుండలీకరణాలు ఈ సంఖ్యను ఏ రకంగా చూడాలో చెబుతాయి. కానీ (డబుల్) (ఎకరాలు / మంది) అని రాస్తే మళ్లీ మొదటికే వస్తుంది. లోపల కోత పడ్డాక బయట పేరు మార్చినట్టు అవుతుంది.

సరే, రెండున్నర వచ్చింది. "అంటే 2.50 కదా తాతా, పాసుపుస్తకంలో అట్లనే రాస్తారా?" అని అడిగింది. ఇక్కడే నాకు నిజంగా సంతోషమైంది, ఎందుకంటే అసలు చిక్కు ఇక్కడే ఉంది. పాసుపుస్తకంలో రెండున్నర ఎకరాలను 2.20 అని రాస్తారు. ఎకరానికి 40 గుంటలు, కాబట్టి అర ఎకరం 20 గుంటలు. ఆ చుక్క దశాంశ బిందువు కాదు, ఎకరాలకూ గుంటలకూ మధ్య పెట్టిన గెట్టు. కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు పోతే అక్కడ భూమి సెంట్లలో లెక్క. ఎకరానికి 100 సెంట్లు. అక్కడి చుక్క నిజంగా దశాంశ బిందువే, రెండున్నర అక్కడ 2.50. గంట ప్రయాణంలో చుక్కకు అర్థమే మారిపోతుంది.

ఈ సంగతి తెలియకుండా డబుల్‌లో పెట్టి కూడితే ఏమవుతుందో చేసి చూడమన్నాను. 2.20కు 1.30 కలిపితే 3.5 వచ్చింది, అంటే 3.50. మూడెకరాల యాభై గుంటలా? నలభై దాటితే ఎకరమే కదా! సరైన జవాబు నాలుగెకరాల పది గుంటలు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2.20ని డబుల్‌గా దాచి మామూలుగా ముద్రిస్తే జావా 2.2 అంటుంది. దశాంశంలో చివరి సున్నాకు విలువ లేదు. పాసుపుస్తకంలో ఆ సున్నా పోతే ఇరవై గుంటలు రెండు గుంటలై కూర్చుంటాయి.

మరి దారేది? ఇందాక మనకు ఎకరం ఎగ్గొట్టిన ఇంటే ఇప్పుడు ఆదుకుంటుంది. అంతా గుంటలుగా మార్చాలి. రెండెకరాల ఇరవై గుంటలంటే 100 గుంటలు. ఎకరం ముప్పై గుంటలంటే 70. మొత్తం 170. దాన్ని 40తో భాగిస్తే కోత పడి 4 వస్తుంది, అవి ఎకరాలు. శాతం గుర్తు పెట్టి 170 % 40 అంటే శేషం 10 వస్తుంది, అవి గుంటలు. కోత పడే భాగహారం, శేషం తీసే గుర్తు, ఇవి రెండూ జోడెడ్లు. ఒకటి కోసింది రెండోది పట్టుకుంటుంది.

చీకటి పడ్డాక పిల్ల ఇంకో వింత చూపించింది. 0.1కి 0.2 కలపమంటే జావా 0.30000000000000004 అని చెబుతోంది. "ఇంత పెద్ద యంత్రానికి పది పైసలూ ఇరవై పైసలూ కలపరాదా?" అంది. నేను ఆమె చేత మరో లెక్క చేయించాను. 0.25కు 0.5 కలిపి, 0.75తో సమానమేనా అని అడగమన్నాను. సమానమే అంది. చారాణా, ఆఠాణా కలిస్తే కచ్చితంగా బారాణా. చారాణా కోడికి బారాణా మసాలా అని సామెత చెప్పుకునే మనకు ఆ లెక్క నోటికి వచ్చు. కంప్యూటరుకూ వచ్చు.

దీని వెనక కథ మీకు తప్పకుండా చెప్పాలి. పాత రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, అంటే రూపాయికి 64 పైసలు. అంతా సగాలూ, సగాల్లో సగాలే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి రూపాయి నూరు ముక్కలైంది. మన పాత తెలుగు లెక్కలూ అంతే. అర, పావు, అందులో పావు వంతు వీసం, అంటే పదహారో వంతు. పద్దుల్లో పావుకు ౹, అరకు ౺, ముప్పావుకు ౻ అని నిలువు గీతలు గీసేవారు. వీసానికి వచ్చేసరికి గీత అడ్డంగా పడుకుంటుంది, ౼. ఈ గుర్తులకు 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది కాబట్టి ఇవాళ ఫోనులో కూడా రాయవచ్చు. వడ్ల కొలతలు చూడండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. కంప్యూటరు దగ్గర ఉన్న కొలపాత్రలు కూడా ఇలాంటివే. అర, పావు, అరపావు, వీసం, ఇలా ప్రతిదీ ముందుదాంట్లో సగం. అందుకే పాత పైసా, అంటే రూపాయిలో 64వ వంతు, దాని లోపల అణువంత తేడా లేకుండా ఒదుగుతుంది. పది కొత్త పైసలు ఒదగవు.

ఎందుకో కొలిచి చూద్దాం. కుంచంలో పదో వంతు కావాలి. ఒక్కో పాత్రను ఒక్కసారే వాడవచ్చు. అర ఎక్కువ, పావు ఎక్కువ, ఎనిమిదో వంతు 0.125, అదీ ఎక్కువే. వీసం పోద్దాం, 0.0625. దాని సగం 0.03125 కూడా పోస్తే 0.09375. తర్వాతి రెండు పాత్రలూ ఎక్కువవుతాయి, ఆ తర్వాతి రెండూ పడతాయి, మళ్లీ రెండు పడవు, మళ్లీ రెండు పడతాయి. ఇలా రెండు వదిలి రెండు పోస్తూ ఎంతకాలం కూర్చున్నా పదో వంతు నిండదు. మూడో వంతును మనం 0.333 అని ఎంతకీ ముగించలేకపోవడం లాంటిదే ఇది. డబుల్‌కు ఉన్నవి 64 బిట్లు. ఒకటి ప్లస్సో మైనస్సో చెప్పడానికి, 11 చుక్క ఎక్కడో చెప్పడానికి, 52 అంకెలకు. పాత్రలు అయిపోయిన చోట సవరించి ఆపేస్తుంది. 0.1 అని మనం రాసింది లోపల 0.1000000000000000055 చిల్లరగా ఉంటుంది. ఒక్కదాన్నే ముద్రిస్తే జావా మర్యాదగా 0.1 అనే చూపిస్తుంది. కూడినప్పుడు ఆ చిల్లర బయటపడుతుంది. ఇది జావాకే ఉన్న జబ్బు కాదు. 1985లో ఈ చుక్క సంఖ్యల లెక్కకు ఐఈఈఈ 754 అన్న ప్రమాణం వచ్చింది, విలియం కహాన్ దాని వెనక ఉన్న గణితవేత్త, 1989లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఇప్పటి కంప్యూటర్లు దాదాపు అన్నీ ఆ దారినే నడుస్తాయి.

అంత చిన్న చిల్లరతో ఏమవుతుందిలే అనుకోవద్దు. 1991 ఫిబ్రవరి 25న, గల్ఫ్ యుద్ధంలో, సౌదీ అరేబియాలోని దహ్రాన్ దగ్గర ఒక పేట్రియాట్ క్షిపణి రక్షణ వ్యవస్థ శత్రువు వదిలిన స్కడ్ క్షిపణిని ఆపలేకపోయింది. అది కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెట్టేది. ఆ పదో వంతును 24 బిట్లలో కోసి దాచారు. ఒక్కో లెక్కకు పోయింది సెకనులో కోటో వంతు కన్నా తక్కువే. కానీ యంత్రం ఆపకుండా సుమారు 100 గంటలు నడిచింది. తేడా సెకనులో మూడో వంతుకు చేరింది. ఆ మూడో వంతులో స్కడ్ క్షిపణి అర కిలోమీటరు పైగా ప్రయాణిస్తుంది. వ్యవస్థ దాన్ని తప్పు చోట వెతికింది. 28 మంది సైనికులు చనిపోయారు. ఈ మాట చెప్పినప్పుడు పిల్ల కాసేపు కీబోర్డు ముట్టుకోలేదు.

డబ్బు లెక్క రాసేటప్పుడు ఏం చేయాలో తర్వాత చూశాం. ఒక దారి గుంటల దారే. రూపాయలు వదిలి అంతా పైసల్లో, లాంగ్ అనే పెద్ద పూర్ణసంఖ్యల రకంలో పెట్టుకోవడం. నూటికి రెండు రూపాయల మిత్తి లెక్క కూడా పైసల్లో వేస్తే కూడికల్లో చిల్లర పుట్టదు. రెండో దారి బిగ్‌డెసిమల్. అది పదుల్లోనే లెక్క చేస్తుంది. అయితే 0.1ని కొటేషన్ గుర్తుల మధ్య అక్షరాలుగా ఇవ్వాలి. గుర్తులు లేకుండా ఇస్తే ముందే చెడిన డబుల్‌నే దానికి అప్పగించినట్టు. ఒకటిని మూడుతో భాగించమంటే, ఎన్ని అంకెల దగ్గర ఆపాలో మనం చెప్పకపోతే, బిగ్‌డెసిమల్ లెక్క మానేసి తప్పు ప్రకటిస్తుంది. నాకు దాని నిజాయితీ నచ్చుతుంది. ఇక రెండు డబుల్‌లను సమానమా అని నేరుగా అడగకుండా, తేడా ఫలానా హద్దులోపు ఉందా అని అడగడం మంచి అలవాటు.

పడుకునే ముందు పిల్ల మళ్లీ లాప్‌టాప్ తెరిచింది. "తాతా, అత్తమ్మకు పాలు లేదా?" అంది. ఉంది బిడ్డా, ఆడపిల్లలకు సమాన హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి చట్టంతోనే వచ్చింది. ఇద్దరి బదులు ముగ్గురికి పంచమన్నాను. ఈసారి ఆమె డబుల్ ముట్టుకోలేదు. ఐదెకరాలు 200 గుంటలు. మూడుతో భాగిస్తే 66, శేషం 2. గుంటకు 121 చదరపు గజాలు, కాబట్టి రెండు గుంటలు 242 గజాలు. మూడుతో భాగిస్తే 80, శేషం 2. ఒక్కొక్కరికి ఎకరం ఇరవై ఆరు గుంటల ఎనభై గజాలు.

"రెండు గజాలు మిగిలినయి తాతా. ఎవరికి రాయాలె?"

బావి కాడికి పోయే బాటకు రాయమన్నాను. ప్రోగ్రాం చివర ఆమె ఇంకో వరుస చేర్చింది. మళ్లీ నడిపితే ముగ్గురి పాళ్ల కింద పడింది: మిగిలినవి 2 గజాలు, బాటకు.