పేరు ఒకటి.. పత్రం మరొకటి
ట్రాన్స్‌జెండర్ యువతులకు ఇరవైలలోనే అసలు పరీక్ష

పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదై, తాను స్త్రీననే ఎరుకతో పెరిగినవారిలో పలువురు ఆ సంగతిని పైకి చెప్పేది ఇరవై ఏళ్లు దాటాకే. చదువు ముగిసి, సొంత సంపాదన మొదలై, పట్టణంలో అద్దె గది దొరికాకే వారికి ఆ వెసులుబాటు చిక్కుతుంది. ఉద్యోగ దరఖాస్తు, బ్యాంకు ఖాతా ఎదురయ్యేదీ ఆ వయసులోనే. పదో తరగతి ధ్రువపత్రంలో ఒక పేరు, ఎదుట నిలిచిన మనిషిది మరో పేరు కావడంతో చిక్కులు మొదలవుతాయి.

వ్యాధి కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో దీనిని మానసిక రుగ్మతల జాబితా నుంచి తొలగించింది. 2022 జనవరిలో అది అమల్లోకి వచ్చింది. 'మార్చేస్తామ'ంటూ చేసే చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా జాతీయ వైద్య కమిషన్ 2022లో పేర్కొంది. ఇక హార్మోన్లను మందుల దుకాణంలో సొంతంగా కొని వాడటం ప్రమాదకరం. రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నందున వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి. ఈస్ట్రోజన్‌తో చర్మం మృదువవుతుంది, స్తనాలు ఎదుగుతాయి. గొంతు మాత్రం మారదు. దానికి వేరుగా సాధన కావాలి.

చట్టం నడిచిన దారి

నిజాం కాలంలో 1919లో వచ్చిన చట్టం హిజ్రాల పేర్లను రిజిస్టరులో నమోదు చేయించింది. స్త్రీ వేషంలో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం పోలీసులకు కట్టబెట్టింది. వైజయంతి వసంత మొగిలి తదితరుల పిటిషన్‌పై తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. అంతకుముందే, 2014 ఏప్రిల్ 15న, లింగ గుర్తింపును ఎవరికి వారే నిర్ణయించుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. శస్త్రచికిత్స చేయించుకోవాలని పట్టుబట్టడం చెల్లదని స్పష్టం చేసింది.

2019లో పార్లమెంటు చేసిన చట్టం గుర్తింపు పత్రం జారీని జిల్లా కలెక్టర్లకు అప్పగించింది. ఆ పత్రం ఆధారంగా జనన ధ్రువపత్రంలోనూ ఇతర రికార్డుల్లోనూ పేరు మార్చుకునే వీలు కల్పించింది. దీని అమలుకు 2020లో నిబంధనలు వచ్చాయి.

ఇంటి గడప

తల్లిదండ్రుల ఇంట ఉండే హక్కునూ 2019 చట్టంలో చేర్చారు. అయితే గడప దాటించిన బిడ్డను చట్టం ఒక్కటే వెనక్కి తేలేదు. ఇంటి ఆదరణ కరవైతే చదువు ఆగుతుంది, ఉపాధి చేజారుతుంది, చివరకు భిక్షాటనే దిక్కవుతుంది. అమ్మానాన్నలు అండగా నిలిస్తే అదే యువతి ఉద్యోగానికీ వెళ్తుంది, ఇంటికీ ఆసరా అవుతుంది.

నిబంధనలకు సవరణలు జరుగుతుంటాయి కనుక దరఖాస్తుకు ముందు కలెక్టరేట్‌లో తాజా విధానం తెలుసుకోవడం మేలు. విద్యార్హత పత్రాలు, ఆధార్, బ్యాంకు పుస్తకంలో ఒకే పేరు, ఒకే అక్షరక్రమం ఉండేలా చూసుకోవాలి. అడ్డంకులు ఎదురైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించవచ్చు.