పాత కారు – పాత బాకీ



మన కృష్ణా డెల్టా పల్లెలలో ఒకప్పుడు రైతు చావడియందు రెండెడ్ల బండి యుండెడిది. ఇరుసునకు కందెన వేయక బండి కట్టినవానిని పెద్దలు మందలించెడివారు. చక్రపు పట్టా వదులైనచో మరునాటికి బండి కమ్మరి కొలిమి ముందుండెడిది. నేడా చావడిలో కారు నిలిచియున్నది. చేతులు మారి వచ్చిన పాత కార్లును మన యూళ్లలో కొల్లలుగ నున్నవి. బండి కందెన యెఱిగిన మనము కారునకేమి వేయవలెనో, ఎప్పుడు వేయవలెనో యెఱుగము.

ముప్పది యేండ్లు బడిలో వ్యాకరణము చెప్పి విశ్రాంతి తీసికొనుచున్న నాకు ఈ విషయముతో నేమి పని యని మీరడుగవచ్చును. తెలియనితనముచే నేను పడిన ఆపదయే నాకీ మాటలాడు అర్హత నిచ్చినది.

మోకాళ్ల నొప్పులచే నా భార్య బస్సు మెట్లు ఎక్కలేకపోయెను. పక్షమున కొకసారి ఆమెను కంకిపాడునుండి విజయవాడ ఆసుపత్రికి తీసికొనిపోవలసి యుండెను. అందుచే పండ్రెండేండ్లనాటి చిన్న పెట్రోలు కారొకటి 1,40,000 రూపాయలకు కొంటిని. మీటరు 1,32,000 కిలోమీటర్లు చూపుచుండెను. రంగు మెఱయుచుండెను. అమ్మినవాడు "మంచి కండిషన్‌లో ఉందండి" అనెను. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, నడక చూచి, మూపు తడవి కొనెడి వంశమున పుట్టియు, కారును రంగు చూచి కొంటిని.

నాలుగు నెలలు బాగుగనే నడచెను. స్టీరింగు వెనుక ఎఱ్ఱదీప మొకటి అప్పుడప్పుడు వెలుగుచు ఆరుచుండెను. పాత బండి కదా, దానికేదో అలవాటని సరిపెట్టుకొంటిని. ఒక సాయంకాలము మేమిరువురము గుడివాడ త్రోవను పోవుచుంటిమి. ఒక ప్రక్క కాలువ, మఱియొక ప్రక్క రోడ్డుమీద ఆరబోసిన ధాన్యము. ఎదుట గడ్డి ట్రాక్టరొకటి చటుక్కున ఆగెను. నేను బ్రేకు త్రొక్కితిని. పెడలు మెత్తగా నేలదాక దిగిపోయెను; కారు సగమే తగ్గెను. గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగితిని. ట్రాక్టరు తొట్టికి మూరెడు దూరమున కారు నిలిచెను. దానినక్కడనే విడిచి ఆటోలో ఇల్లు చేరితిమి. దారి పొడవునను నా భార్య ఒక్క మాటయు అనలేదు. ఆ మౌనము నన్ను నేటికిని వెంటాడుచున్నది.

విజయవాడలోని ఆటోనగరు మీరెఱిగినదే. లారీలకును కార్లకును మరమ్మతులు చేయు షెడ్లు అచ్చట వందలకొలదిగ నున్నవి. అందొక షెడ్డు నా పూర్వవిద్యార్థిది. ఛందస్సులో ఎన్నడును నెగ్గనివాడు, యంత్రశాస్త్రమున నాకు గురువయ్యెను. మరునాడు కారును లాగించుకొనిపోయి, పైకెత్తి, క్రింద దీపము పట్టి చూచి యిట్లనెను: "మాస్టారూ, మీరు కొన్నది కారు ఒక్కటే కాదండి. దాని పాత బాకీ కూడా కొన్నారు. ముందువాళ్లు చేయించని సర్వీసులన్నీ ఇప్పుడు మీ పేరు మీదికి వచ్చాయి."

ఋణశేషమును, వ్యాధిశేషమును, అగ్నిశేషమును ఉంచరాదని మన పెద్దలు చెప్పుదురు. ఉంచిన శేషము ఊరకుండదు, పెరుగును. కారు విషయమునను ఇంతియే. చేయింపని పని చెడిపోవు భాగముగ మారును. చెడిన భాగము ప్రక్కదానిని చెఱచును. అయితే ఈ బాకీ నంతయు ఒక్కనాడు తీర్చుట సామాన్యునకు సాధ్యము కాదు, అవసరమును కాదు. ఏది ముందు, ఏది వెనుక యను క్రమము తెలిసినచో చాలును. ఆ క్రమమే నేటి నా ప్రసంగ విషయము.

చికిత్సకు ముందు నిదానము. పాత కారు ఇంటికి వచ్చిన వెంటనే, చేయించినట్లు కాగితము లేని పనిని చేయింపని పనిగనే యెంచవలెను. మీటరును నమ్మి లెక్క కట్టరాదు. దానిని వెనుకకు త్రిప్పు మోసగాండ్రున్నారు. పెడళ్ల రబ్బరు అరిగి నున్ననై, డ్రైవరు సీటు క్రుంగి, మీటరు మాత్రము తక్కువ చూపినచో సందేహింపవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు ఎన్నియో వాహనములు నీట మునిగినవి. అట్టివి కడిగి మెఱుగు పెట్టబడి చేతులు మారు ననుమానము కలదు. కనుక సీటు బెల్టును కడదాక లాగి బురద చాఱ యున్నదేమో చూడవలెను. కాళ్లక్రింది పఱపు ఎత్తి వాసన చూడవలెను. తరువాత ఇంజనునకు కంప్రెషన్ పరీక్ష చేయింపవలెను. ప్రతి సిలిండరు ఎంత ఒత్తిడి నిలుపుచున్నదో అది తెలుపును. గుండె చెడిన దేహమునకు చెవిపోగులు చేయించినట్లు, ఇంజను సత్తువ యుడిగిన కారునకు మిగిలినవానిపై ధనము పోయరాదు.

నిదానమైన పిమ్మట పనులను మూడు తరగతులుగ విభజింపవలెను. మొదటిది ప్రాణరక్షణ, రెండవది యంత్రరక్షణ, మూడవది సౌఖ్యము.

మొదటి తరగతిలో మొదటిది బ్రేకు. మనము త్రొక్కిన ఒత్తిడిని చక్రములకు చేర్చునది గొట్టములలోని బ్రేకు చమురు. ద్రవమును నొక్కినచో నలుగదు. కావున ఒత్తిడి యథాతథముగ చేరును. కాని ఈ చమురు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. డాట్ 3 అను తరగతి చమురు క్రొత్తదిగ నున్నప్పుడు 205 డిగ్రీల వేడివఱకు మరగదు. నూటికి నాలుగు పాళ్లకు దగ్గరగ నీరు చేరినచో 140 డిగ్రీలకే మరుగవచ్చును. మరిగినప్పుడు పుట్టిన ఆవిరి నలుగును. పెడలు దిగును, బ్రేకు పట్టదు. అంతియే కాదు, ఆ నీరు లోపలి సిలిండర్లను త్రుప్పు పట్టించును. త్రుప్పు గరుకున రబ్బరు వాషర్లు కోసికొనిపోయి చమురు కారును. నా కారున జరిగినదిదియే. ఆ యెఱ్ఱదీపము చమురు తగ్గినదని నాకు నెలల తరబడి చెప్పుచుండెను. మోటారు కార్లలో బ్రేకు గొట్టములు రెండు పాయలుగ నుండును. ఒక పాయ కారిపోయినను రెండవది కొంత పట్టును. ఆ కొంతయే మమ్ము కాపాడినది. బ్రేకు చమురును రెండేండ్లకొకసారి పూర్తిగ మార్పింపవలెను. ప్యాడ్లు, వెనుక డ్రమ్ములలోని లైనింగులు, గొట్టముల పగుళ్లు అప్పుడే చూపింపవలెను.

రెండవది టైరు. గీట్లు లోతుగ నున్నవి కదా యని మురియరాదు. రబ్బరునకు వార్ధక్యము కలదు. టైరు ప్రక్కభాగమున నాలుగు అంకెలు ముద్రింపబడియుండును. 2318 అని యున్నచో 2018వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. ప్రక్కలు పగిలిన పాత టైరు మన వేసవి రోడ్డుమీద ప్రేలిపోవచ్చును. గీట్ల నడుమ చిన్న గట్లుండును. ఉపరితలము అరిగి వానితో సమమైనచో 1.6 మిల్లీమీటర్లే మిగిలినదని తెలిసి మార్చవలెను.

మూడవది స్టీరింగు, చక్రముల కీళ్లు. బాల్ జాయింట్లు, వీల్ బేరింగులు వదులైనచో చక్రము పట్టు తప్పును. నాలుగవది పెట్రోలు గొట్టములు. 2025 నాటికి మన పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ల ఇథనాలు కలియుచున్నది. తక్కువ పాళ్లకై తయారైన పాత కార్ల రబ్బరు గొట్టములు దానిచే త్వరగ చెడవచ్చును. కారులో పెట్రోలు వాసన వచ్చినచో ఆ పూటయే చూపింపవలెను, అది అగ్నిశేషము. దీపములు, వాన తుడుపు రబ్బర్లు స్వల్పములే యైనను ఈ తరగతిలోనివే.

ఇక యంత్రరక్షణ. ఇంజను చమురు రాపిడిని తగ్గించును, వేడిని మోసికొనిపోవును, మసిని కడుగును, త్రుప్పును ఆపును. కాలము మించిన చమురు జిగురై సన్నని దారులను పూడ్చును. చరిత్ర తెలియని కారునకు మొదట చమురును, ఫిల్టరును మార్చి, వేయి కిలోమీటర్లు నడపి, మరల మార్చుట మంచిదని నా శిష్యుని మతము. మొదటి చమురు పాత మురికిని కడిగి తెచ్చును. ఆపైన తయారీదారు చెప్పిన గడువు చాలును. శబ్దమును కప్పుటకు చిక్కని మందులు పోయుట రోగమును దాచుటయే.

తరువాత నీళ్లు. రేడియేటరులో బోరు నీరు పోయుట మన యూళ్లలో అలవాటు. అందలి లవణములు సన్నని గొట్టములలో పేరుకొనును. శుద్ధజలముతో కలిపిన కూలెంటునే పోయవలెను. అది త్రుప్పు నాపును, త్వరగ మరుగనీయదు. అది విషము, తియ్యగ నుండును. పిల్లలకు, కుక్కలకు అందనీయరాదు. వేడిగ నున్న రేడియేటరు మూత ఎన్నడును విప్పరాదు. ఇంజను మితిమీరి కాగినచో హెడ్డు గ్యాస్కెట్టు కాలి, వందలతో పోవలసినది వేలకెక్కును.

పిమ్మట టైమింగు బెల్టు. కొన్ని ఇంజనులలో గొలుసుండును, కొన్నింట పండ్లుగల రబ్బరు బెల్టుండును. పిస్టన్లును వాల్వులును తాళము తప్పక ఆడునట్లు చేయునది ఇదియే. బెల్టు తెగినచో కొన్ని ఇంజనులలో పిస్టను వాల్వును గ్రుద్ది సర్వనాశనమగును. ఇది ముందు హెచ్చరించి తెగునది కాదు. సాధారణముగ లక్ష కిలోమీటర్ల ప్రాంతమున దీనిని మార్చుట వాడుక. మీ కారున ఏది యున్నదో మొదట అడిగి తెలిసికొనవలెను. బెల్టే యైనచో, మార్చినట్లు కాగితము లేనప్పుడు వెంటనే మార్చవలెను. నీటి పంపు ఆ బెల్టుతోనే తిరుగునట్టిదైనచో దానిని కూడ అప్పుడే మార్చుట మేలు. విప్పు కూలి రెండుమారులు ఇయ్యనక్కఱలేదు.

గాలి ఫిల్టరు, ప్లగ్గులు, గేరు పెట్టె చమురు ఈ తరగతిలోనివే. మన ప్రాంతమున కోతల కాలపు దుమ్ము గాలి ఫిల్టరును త్వరగ పూడ్చును. ఆరబోసిన గడ్డి కారు క్రింద చుట్టుకొని వేడి సైలెన్సరునకు తగిలినచో నిప్పంటుకొనవచ్చును. గాదె ప్రక్క నిలిపిన కారులో ఎలుకలు వైర్లు కొఱుకును. ఈ మూడును పట్టణపు పుస్తకములలో కనబడవు, మనమే చూచుకొనవలెను.

మూడవ తరగతి సౌఖ్యము. చల్లగాలి యంత్రము, సీట్ల గుడ్డ, గీతలుపడిన రంగు, తలుపు కిఱ్ఱు. ఇవి ఆగగలవు. కాని మనుష్యస్వభావము విపరీతము. నేనును మొదటి నెలలోనే రంగు మెఱుగునకు, సీటు తొడుగులకు వ్రయము చేసితిని. బ్రేకు చమురునకు చేయలేదు.

నా కారునకు మొదటి రెండు తరగతుల పనులకు మూడు నెలలలో 38,000 రూపాయలైనవి. మొదటి నెల బ్రేకులు, టైర్లు. రెండవ నెల చమురు, నీళ్లు, బెల్టు. మూడవ నెల కీళ్లు, బేరింగులు. ప్రాణరక్షణ పనులు పూర్తియగువఱకు కారు షెడ్డు విడువలేదు. నా భార్య ఆటోలోనే ఆసుపత్రికి వచ్చెను.

ఎంతవఱకు వ్రయము చేయవలెనను ప్రశ్నకు కూడ సమాధానము కలదు. సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లవఱకే చెల్లును; పిమ్మట పరీక్ష చేయించి అయిదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను. ఇంజను మంచిదై, అడుగు చట్రము త్రుప్పు తినక యున్నచో మరమ్మతునకు ధనము పెట్టుట సబబే. చట్రము త్రుప్పు తిన్నదానిపై పెట్టిన రూపాయి కాలువలో వేసినదే. అట్టిదానిని మఱియొకనికి మెఱుగు పెట్టి అమ్ముట ధర్మము కాదు. తుక్కునకు ఇచ్చుట ధర్మము.

వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీయుట మీరెఱుగుదురు. ఒక యేడు తీయకున్న ఏమియు కాదనిపించును. రెండేండ్లు తీయకున్న చివరి పొలమునకు నీరందదు. మూడవ యేట గట్టు తెగును. పూడిక తీసిన యేడు ఎవ్వరును దానిని మెచ్చుకొనరు, ఏలయన ఏమియు జరుగదు. ఏమియు జరుగకుండుటయే దాని ఫలము.

ఇప్పుడు నా కారులో బడి హాజరుపట్టీ వంటి చిన్న పుస్తకమొకటి యున్నది. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల వద్ద, ఏ పని చేయించితినో, మరల నెప్పుడు చేయింపవలెనో అందు వ్రాసికొందును. ఈ కారు రేపు నా చేయి విడిచినచో, కొనువానికి కారుతోపాటు ఆ పుస్తకమును ఇత్తును. నా బాకీని అతని నెత్తిన పెట్టను.

నా భార్య ఆ సాయంకాలపు మాట నేటికిని ఎత్తదు. కాని కారెక్కునప్పుడు ముందు గూటిలోని ఆ పుస్తకమును తీసి, కండ్లద్దములు పెట్టుకొని, కడపటి పుట చదివి, యథాస్థానమున నుంచి, అప్పుడు తలుపు వేసికొనును.